పిల్లలందరికీ ఒకే పళ్లెం

సెలవులొచ్చాయంటే వంటింటికి తీరిక ఉండదు. దసరాకి పది పన్నెండు రోజులు, సంక్రాంతికి అయిదారు రోజులు, వేసవి సంగతి ఇక చెప్పేదేముంది! అన్నం తిని చెయ్యి కడుక్కున్న గంటకే "తినడానికి ఏమన్నా ఉందా?" అంటూ గుమ్మంలో నిలబడతారు పిల్లలు. వాళ్లకి తిండీ కావాలి, పొద్దుపోవడానికి ఏదో ఒక పనీ కావాలి. ఈ రెంటికీ కలిపి ఈమధ్య మన ఆడవాళ్లకి ఒక ఉపాయం దొరికింది. ఫోన్‌లో చూసి పిల్లల చేత 'ఓవెన్ అక్కర్లేని కేకు' చేయించడం. నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు పొడికొట్టాలి, అందులో కోకో పొడి, డబ్బా పాలు పోసి ముద్ద చేయాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి. అంతే. పొయ్యి జోలికి పోరు కాబట్టి చెయ్యి కాలుతుందన్న భయం లేదు. మేమే చేశామని పిల్లలకి సంబరం. బాగానే ఉంది, నేను కాదనను.

కానీ ఆ బిస్కెట్ అంటే ఏమిటి? మైదా. మైదా అంటే ఏమిటి? గోధుమ. ఆ ఇంట్లో గానీ, ఆ వీధిలో గానీ గోధుమ ఒంటికి పడని పిల్ల ఒకతి ఉంటే ఆ సంబరంలో ఆమెకి చోటు లేదు. అలాంటి పిల్ల మా ఇంట్లో ఉంది కాబట్టే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

మా చిన్నమ్మాయి కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. నాలుగో ఏట మొదలైంది బాధ. పొట్ట ఉబ్బరం, విరేచనాలు, ఎంత తిన్నా ఒళ్లు పట్టకపోవడం. నులిపురుగులని ఒకరన్నారు, దిష్టి తగిలిందని ఒకరన్నారు. పిల్లకి సరిగ్గా తినిపించడం చేతకాదని మా అమ్మాయినే తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. పిల్లకి ఏ జబ్బొచ్చినా ముందు వేలు చూపించేది తల్లినే కదా! ఏడాదిన్నర తిరిగాక రక్తపరీక్ష చేసి, ఎండోస్కోపీతో పేగులోంచి చిన్న ముక్క తీసి చూసి 'సీలియాక్' అని తేల్చారు. గోధుమ మానేసిన కొన్ని నెలలకే పిల్ల తేరుకుంది. ఒంటి బాధ అలా ఒడ్డెక్కింది. మనసు బాధే ఇంకా ఒడ్డెక్కలేదు. ఎవరింట్లోనైనా పుట్టినరోజంటే అందరికీ కేకు, మా పిల్లకి అరటిపండు. బళ్లో ఎవరైనా బిస్కెట్లు పంచితే చేతిలో పట్టుకుని ఇంటికి తెచ్చి తమ్ముడికి ఇస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల అంత ఓర్పు నేర్చుకోవడం చూస్తే మెచ్చుకోవాలనిపించదు, కడుపు తరుక్కుపోతుంది.

అసలు ఏమిటీ జబ్బు?

గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి తడిపితే సాగుతుందే, ఆ జిగురు దాని వల్లే. బార్లీలోనూ, మనకి అంతగా తెలియని రై అనే ధాన్యంలోనూ ఇలాంటిదే ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లకి ఈ జిగురు లోపలికి వెళితే, ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన బలగమే చిన్నపేగు లోపలి పొర మీద పడుతుంది. తిన్నది ఒంటికి పట్టించే సన్నటి కుచ్చుల్లాంటివి అరిగిపోతాయి. ఇక ఎంత తిన్నా ఏం లాభం? రక్తహీనత, ఎదుగుదల లేకపోవడం, నీరసం. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ ముట్టకపోవడమే వైద్యం.

ఈ సంగతి ఎలా బయటపడిందో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. నెదర్లాండ్స్‌లో విల్లెం డికె అని ఒక పిల్లల డాక్టరు ఉండేవాడు. గోధుమ మీద ఆయనకి ముందునుంచీ అనుమానం. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో ఆ దేశంలో ఘోరమైన కరువొచ్చింది. రొట్టె దొరకడం మానేసింది. జనం ఆకలితో అల్లాడుతుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకోసాగారు. మళ్లీ రొట్టె రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. ఆయన తన పరిశీలనలన్నీ కలిపి 1950లో సిద్ధాంతగ్రంథంగా రాశాడు. అప్పటిదాకా ఎందరు తల్లులు "తినిపించడం చేతకాదు" అనిపించుకున్నారో!

మన దేశంలో ఇది గోధుమ తినే ఉత్తరాదిలోనే ఎక్కువ. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో పెద్దవాళ్లని పరీక్షిస్తే ఉత్తరాదిలో వందకి ఒకరికన్నా కాస్త ఎక్కువగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి ఉన్నట్టు తేలింది. మనకి తక్కువే అని ఊరుకోవడానికి లేదు. తక్కువ కాబట్టే చాలామందికి దీని పేరు తెలియదు. పేరు తెలియకపోతే పరీక్ష చేయించాలనే ఆలోచనా రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివి "మా వాడికీ కడుపునొప్పి వస్తోంది, రేపటి నుంచి గోధుమ బంద్" అనకండి. పరీక్షకి ముందే గోధుమ మానేస్తే రక్తపరీక్షలో జబ్బు దొరక్కుండా పోవచ్చు. ముందు డాక్టరు, తర్వాత పరీక్ష, ఆ తర్వాతే మానడం. పడేవాళ్లకి గోధుమ మంచి తిండే. దాన్ని విషమని ప్రచారం చేయడం నా ఉద్దేశం కాదు.

విడి ప్లేటు వద్దు

మరి సెలవుల్లో పదిమంది పిల్లలు చేరినప్పుడు ఏం చేయాలి? మామూలుగా చేసేది ఏమిటంటే, ఆ ఒక్కరికీ విడిగా ఏదో ఒకటి తెప్పించడం. 'గ్లూటెన్ ఫ్రీ' అని రాసిన బిస్కెట్లు మామూలు బిస్కెట్ల కంటే ఎన్నో రెట్లు ధర. మాలాంటి ఊళ్లలో కొట్లో అడిగితే "అదేంటమ్మా?" అంటారు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల చేత మోయించుకోవాలి, లేదా ఆర్డరు పెట్టుకుని పార్శిలు కోసం ఎదురుచూడాలి. అదీ కాకపోతే తల్లే రెండు రకాల వంట చేయాలి. పండగపూట ఇంటెడు చాకిరీ మీద ఇంకో చాకిరీ.

ఇంతా చేసి ఆ పిల్లకి దక్కేది ఏమిటి? ఒక విడి ప్లేటు. "అది దాని కోసం, మీరు ముట్టుకోకండి" అని పెద్దవాళ్లు కేకేయడం. ప్రేమతోనే చేస్తాం, నిజమే. అయినా ఆ ప్లేటు మీద "నువ్వు వేరు" అని రాసే ఉంటుంది. పిల్లలు అది చదవగలరు.

నా అభిప్రాయం ఒక్కటే. ఆ ఒక్కరి కోసం వేరే తిండి వెతకొద్దు. ఆ ఒక్కరూ తినగలిగిందే అందరికీ చేద్దాం. ఇంట్లోంచి గోధుమపిండి డబ్బా బయటపెట్టమనడం లేదు. అల్లుడి రాత్రి చపాతీలు అల్లుడికి ఉంటాయి. సెలవుల్లో పిల్లలు కలిసి చేసుకుని కలిసి తినే తీపి మాత్రం అందరికీ ఒక్కటే ఉండాలి. అందుకు కొత్తగా నేర్చుకోవాల్సిందీ లేదు, కొనుక్కోవాల్సిందీ లేదు.

మన పండగలు ముందే చెప్పాయి

మాది సారపాక. గోదావరి వంతెన దాటితే భద్రాచలం. శ్రీరామనవమికి రాములోరి కల్యాణం చూడటానికి జనం మా ఊరి మీదుగానే వెళుతుంటారు. ఆ రోజు ప్రసాదం ఏమిటి? పానకం, వడపప్పు. చాలా ఇళ్లలో చలిమిడి కూడా. ఒక్కసారి ఆలోచించండి. బెల్లం, మిరియాలు, ఏలకులు, నీళ్లు కలిస్తే పానకం. నానిన పెసరపప్పు వడపప్పు. తడి బియ్యప్పిండి, బెల్లం కలిస్తే చలిమిడి. ఒక్కదానిలో గోధుమ లేదు. ఒక్కదానికి పొయ్యి వెలిగించక్కర్లేదు. ఓవెన్ లేని వంటలని ఫోన్‌లో వెతుకుతున్నామే, అవి మన దేవుడి గదిలోనే ఉన్నాయి.

దీపావళి వెళ్లాక వచ్చే నాగులచవితి చూడండి. పుట్ట దగ్గర పెట్టేవి పచ్చి చలిమిడి, నువ్వుల చిమ్మిలి, వడపప్పు. కృష్ణాష్టమికి అటుకులు, వెన్న. ఉగాది పచ్చడికి పొయ్యితో పనిలేదు. ఇక దసరా సెలవుల్లో మన బతుకమ్మ ఉండనే ఉంది. రెండో రోజు అటుకుల బతుకమ్మకి అటుకులు, బెల్లం. నాలుగో రోజు నానబియ్యం బతుకమ్మకి నానిన బియ్యం, పాలు, బెల్లం. ఎనిమిదో రోజు వెన్నముద్దల బతుకమ్మకి నువ్వులు, వెన్న, బెల్లం. సద్దుల నాటి మలీద ఒక్కటే కాస్త చూసుకోవాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో అది గోధుమ రొట్టెలు నలిపి చేస్తారు. జొన్న రొట్టెతోనో సజ్జ రొట్టెతోనో చేస్తే అదీ అందరిదవుతుంది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, వీటిలో గ్లూటెన్ లేదు.

మా ఊళ్లో ఇంకో సౌకర్యం ఉంది. కాగితం ఫ్యాక్టరీ పుణ్యమా అని ఇక్కడికి అన్నివైపుల వాళ్లూ వచ్చి స్థిరపడ్డారు. బతుకమ్మ ఆడే తెలంగాణవాళ్లు, నాగులచవితికి పుట్టలో పాలు పోసే గోదావరి జిల్లాలవాళ్లు, రోజూ రొట్టె తినే ఉత్తరాదివాళ్లు ఒకే వీధిలో ఉంటారు. చుట్టూ కోయ గూడేలు, అడవి. వేసవి మొదట్లో ఇప్పచెట్ల కింద తెల్లారగట్లే పువ్వు ఏరుతుంటారు. ఎండబెట్టిన ఆ పువ్వుని దోరగా వేయించి, నువ్వులో పల్లీలో బెల్లమో కలిపి దంచి ఉండలు కడితే ఆ రుచే వేరు. మొర్రి పండ్ల గింజల్లోంచి వచ్చేదే మనం సారపప్పు అని పాయసంలో వేసుకునేది. ఇవన్నీ గోధుమ ఎరగని తిండ్లు. భద్రాచలం ప్రాంతపు గిరిజన మహిళలు సంఘంగా ఏర్పడి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేసి లండన్ దాకా పంపుతున్నారని 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియోలో చెప్పుకొచ్చారు. మన జొన్న, రాగులు మనకి నామోషీ అయినా పరాయిదేశం వాళ్లకి కాలేదన్నమాట.

పిల్లల చేతికి ఏం ఇవ్వాలి?

పోయిన దసరాకి మా ఇంట్లో మనవలు, మనవరాళ్లు, పక్కింటి పిల్లలు కలిపి ఏడుగురు చేరారు. రోజుకొకటి చొప్పున చేయించాను. నేను చేసింది కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పడం మాత్రమే.

అన్నిటికన్నా సులువు చిమ్మిలి. గ్లాసు నువ్వులు, ముప్పావు గ్లాసు తరిగిన బెల్లం. రోట్లో వేసి దంచడమే. దంచగా దంచగా నువ్వుల్లోంచి నూనె ఊరి అదే ముద్దవుతుంది. "అమ్మమ్మా, నూనె పోయకుండానే నూనె వచ్చింది!" అని మా పెద్దబ్బాయి కూతురు గంతులేసింది. రోలు లేనివాళ్లు మిక్సీలో ఆపి ఆపి తిప్పుకోవచ్చు. మిక్సీ దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఉండాలి.

చలిమిడికి ముందురోజు రాత్రే బియ్యం నానేయించాలి. పొద్దున వడకట్టి, గుడ్డ మీద పరిచి, చేత్తో పట్టుకుంటే చెమ్మ తెలిసేదాకా నీడన ఆరనిచ్చి, పిండి పట్టి జల్లించాలి. రెండు గ్లాసుల తడిపిండికి గ్లాసు మెత్తటి బెల్లం, చెంచాడు నెయ్యి, ఏలకుల పొడి, పచ్చికొబ్బరి ముక్కలు. నీళ్లు పోయక్కర్లేదు. పిండిలోని తడికి బెల్లం కరిగి ముద్ద దగ్గరపడుతుంది. పిసకడం పిల్లలకి మట్టితో ఆడుకున్నంత సరదా. పచ్చిపిండి కాబట్టి ఏ పూటకి ఆ పూట తినేయాలి, మర్నాటికి ఉంచకూడదు. చేసే ముందు అందరి చేతులూ సబ్బుతో కడిగించడం, కాచి చల్లార్చిన నీళ్లే వాడటం మర్చిపోకండి. వండనిదానికి శుభ్రమే వంట.

వడపప్పుకి పెసరపప్పు గంటసేపు నానితే చాలు. వడకట్టి, దోసకాయ ముక్కలు, కొబ్బరి కోరు, ఉప్పు, నిమ్మరసం కలపడం. తీపి వద్దనే పిల్లలు దీని మీద పడతారు. ఇంక పుట్నాల ఉండలు. పుట్నాల పప్పు పొడికొట్టి, బెల్లం తురుము, ఏలకుల పొడి వేసి, కరిగిన నెయ్యి పోస్తూ ఉండలు చుట్టడం. నెయ్యి కరగడానికి పొయ్యి కావాలి కదా అంటారేమో. మా సారపాక ఎండలకి ఆ సమస్యే లేదు!

పలుచటి అటుకుల మీద కొబ్బరినీళ్లు చిలకరించి, బెల్లం, కొబ్బరి కోరు కలిపి పది నిమిషాలు మూతపెడితే ఇంకో ఫలహారం. గింజ తీసిన ఖర్జూరం, దంచిన పల్లీలు, సారపప్పు కలిపి పొడవుగా చుట్టి ముక్కలు కోస్తే బజారులో దొరికే మిఠాయికి ఏమీ తీసిపోదు. అయిదేళ్లలోపు పిల్లలుంటే పల్లీలు, సారపప్పు లాంటివి మెత్తగా దంచే పెట్టండి. గింజ గొంతులో అడ్డుపడితే ప్రాణం మీదకొస్తుంది.

ఇంకో మాట. పని పంచేటప్పుడు మగపిల్లల్ని వదలొద్దు. మా పెద్దమ్మాయి కొడుకు పన్నెండేళ్లవాడు, "నేను బాల్ ఆడుకుంటా, వాళ్లు చేస్తారులే" అన్నాడు. రోకలి చేతికిచ్చాను. నాలుగు పోట్లు వేసి "అమ్మో, ఇంత కష్టమా" అన్నాడు. తెలియాల్సింది అదే కదా!

గోధుమ దాక్కునే చోట్లు

గోధుమ లేని వంట అనగానే పిండి మార్చేస్తే సరి అనుకుంటాం. ఇంట్లో ఎక్కడెక్కడ గోధుమ దాక్కుని ఉందో చూడకపోతే పడ్డ శ్రమంతా వృథా. మా అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నవి చెబుతాను.

బొంబాయిరవ్వ గోధుమే. సేమ్యా కూడా మామూలుగా గోధుమే. కాబట్టి రవ్వలడ్డు, సేమ్యా పాయసం లెక్కలోకి రావు. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. పులిహోర తాలింపులో చిటికెడు వేసినా వేసినట్టే. బియ్యప్పిండితో కలిపిన ఇంగువ దొరుకుతుంది, డబ్బా మీద చదివి తీసుకోవాలి. పాలల్లో కలిపే మాల్టు పొడుల్లో చాలావాటిలో బార్లీ, గోధుమ ఉంటాయి. అంగన్‌వాడీలో పసిపిల్లలకిచ్చే బాలామృతం మంచి పోషకాహారమే, కానీ అందులో గోధుమ ఉంటుంది. సీలియాక్ ఉన్న బిడ్డ అయితే ఆ సంగతి అంగన్‌వాడీ టీచరుకి ముందే చెప్పాలి. రాగి బిస్కెట్ అని పైన పెద్దక్షరాలతో ఉన్నా, వెనక చిన్నక్షరాల్లో మైదా ఉందేమో చూడాలి. గోధుమ ఉంటే ఆ మాట ప్యాకెట్ మీద చెప్పాలన్నది మన దేశపు నిబంధన. 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలన్నది ఇంకో నిబంధన. కిలోకి ఇరవై మిల్లీగ్రాములంటే ఎంత తక్కువో ఊహించుకోండి. "కొంచెమేగా, ఏం కాదులే" అనే మాట ఈ జబ్బు దగ్గర చెల్లదు.

అన్నిటికన్నా పెద్ద మోసం పిండిమర దగ్గర జరుగుతుంది. మనకి ముందు ఎవరో గోధుమలు ఆడించి వెళ్లుంటారు. ఆ మరలోనే మన బియ్యం పోస్తే ఆ పిండి మన పిండిలో కలుస్తుంది. మరవాడిది తప్పు కాదు, అతని వ్యాపారం అది. ఇంట్లో మిక్సీలో పట్టుకోవడమే క్షేమం. అలాగే మైదా జల్లించిన జల్లెడ, చపాతీలు ఒత్తిన కర్ర, పూరీలు వేయించిన నూనె, ఇవేవీ ఆ పిల్ల తిండికి వాడకూడదు. మా ఇంట్లో ఒక కొత్త జల్లెడ, ఒక స్టీలు బేసిన విడిగా కొని పెట్టాం. ప్లేటు విడిగా వద్దన్నాను గానీ జల్లెడ విడిగా ఉంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

కాదనేవాళ్లకి

"ఒక్క పిల్ల కోసం ఇంతమంది పిల్లలు సర్దుకోవాలా?" అని అడిగారు మా బంధువుల్లో ఒకావిడ. సర్దుకోవడమేముంది వదినా? చిమ్మిలి తింటే ఎవరికి ఏం తక్కువైంది? ఇంట్లో ఒకరికి షుగరుంటే పండగపూట కూడా ఆయన ఎదురుగా మిఠాయి పళ్లెం పెట్టడానికి వెనకాడతాం. ఒకరు శనివారం ఒక్కపొద్దుంటే మిగిలినవాళ్లు ఆరోజు నీచు వండరు. పెద్దవాళ్ల కోసం అలవాటుగా చేసేది పిల్లకి చేయడానికి లెక్కలెందుకు?

"ఈ కాలం పిల్లలు చలిమిడి తింటారా? వాళ్లకి కేకులు, చాక్లెట్లు కావాలి" అంటారు ఇంకొందరు. నిజమే, చేసి పళ్లెంలో పెట్టి ఇస్తే మొహం చిట్లిస్తారు. తాము నానబోసి, తాము దంచి, తాము వంకరటింకరగా చుట్టిన ఉండని మాత్రం ఎవరూ వద్దనరు. పైగా ఎదుటివాళ్లకి తినిపించేదాకా ఊరుకోరు. చాక్లెట్ కావాలని మరీ పేచీ పెడితే ఆ ఖర్జూరం ముద్దలో చెంచాడు కోకో పొడి కలపండి, ఎవరొద్దన్నారు? కోకోలో గ్లూటెన్ లేదు, డబ్బా మీద ఒకసారి చూసుకుంటే సరి.

"బెల్లం కదా, ఎంత తిన్నా మంచిదే" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. బెల్లమైనా తీపి తీపే. ఒకటో రెండో ఉండలు, తర్వాత నోరు పుక్కిలించడం. గోధుమ లేనిదల్లా ఆరోగ్యమని నమ్మించడం వ్యాపారస్తుల పని, మనకెందుకు?

ఉద్యోగం చేసే తల్లులకి ఇవన్నీ కుదురుతాయా అని కూడా అడగొచ్చు. రాత్రి నానబెట్టడానికి అయిదు నిమిషాలు, పొద్దున పిల్లలకి అప్పగించడానికి ఇంకో అయిదు నిమిషాలు. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఆ కాస్తా అక్కర్లేదు. మాకూ పని దొరుకుతుంది. సెలవులకొచ్చిన మనవలతో ఏం మాట్లాడాలో తెలియక టీవీ పెట్టుకుని కూర్చునే ముసలివాళ్లు ఎంతమంది లేరు? రోలు దగ్గర కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

ఇక అసలు సంగతి. ఆ ఏడుగురిలో పక్కింటి పిల్లాడు, అయిదేళ్లవాడు, నన్నడిగాడు: "అక్క ఇవి తినొచ్చా?" తినొచ్చురా అన్నాను. "అయితే నేను చేసింది అక్కకే" అని తన ఉండ తీసుకెళ్లి ఇచ్చాడు. ఆ పిల్లాడికి గ్లూటెన్ అంటే ఏమిటో తెలియదు. పక్కనున్నవాళ్లు తినగలరో లేదో కనుక్కుని పెట్టాలని మాత్రం తెలిసింది. ఈ ఒక్క అలవాటు పిల్లలకి అబ్బితే సెలవులు సార్థకమైనట్టే. రేపు బళ్లో, ఎల్లుండి హాస్టల్లో, ఆ తర్వాత ఆఫీసులో ఇలాంటివాళ్లు ఎదురైతే వింతగా చూడరు, విసుక్కోరు.

కాబట్టి తల్లులారా, వచ్చే సెలవులకి బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చే ముందు ఒక్కమాట అడగండి. మీ ఇంటికొచ్చే పిల్లల్లో ఎవరికైనా ఏదైనా పడదా? వాళ్ల అమ్మకి ఫోన్ చేసి అడిగితే చిన్నతనమేమీ కాదు, ఆ తల్లి ప్రాణం ఎంత కుదుటపడుతుందో నాకు తెలుసు. ఆ తర్వాత గ్లాసు నువ్వులు, ముప్పావు గ్లాసు బెల్లం రోట్లో పోసి రోకలి పిల్లలకివ్వండి. పొయ్యి ఆ పూటకి విశ్రాంతి తీసుకుంటుంది. మీరూ తీసుకోండి!